దిష్టిపెట్టె

ఏడుదారుల కూడలిలో పొద్దున్నే ఒక కారు ఇంకో కారును వెనక నుంచి గుద్దింది. గుద్దిన కారులో ఉన్నాయన అప్పుడే ఇడ్లీ ముక్కను పచ్చట్లో అద్దుకుంటున్నాడు. ఇడ్లీ చేతిలోనే ఉంది, పచ్చడి గిన్నెలోనే ఉంది. కారు ఉన్నచోట నిలబడిపోయింది, అంతే. ఆయన తల బయటపెట్టి ముందు కారు ఆసామి వైపు ఒక నవ్వు పారేశాడు. ఆ ఆసామీ నవ్వాడు. ఇద్దరూ ఎవరి దారిన వాళ్లు పోయారు.

వేలుపూరులో ఇది రోజూ ఉండేదే. ఇరవై ఒకటో శతాబ్దం చివర్లో కృష్ణ ఒడ్డున కట్టిన కొత్త పట్నం అది. సంతలో భుజాలు రాసుకున్నట్టు అక్కడ బండ్లు గుద్దుకునేవి. బండిని యంత్రం చేతికి వదిలేసే పద్ధతి అప్పటికి పాతబడింది. దెబ్బ తగలదని తెలిశాక మనిషి తన బండిని తానే తోలుకుంటాడు, అదీ ఇష్టం వచ్చినట్టు. బ్రేకు వేసేవాణ్ణి చూసి కుర్రకారు నవ్వేవాళ్లు.

ఆ పొద్దున ఇంకో సంగతి కూడా జరిగింది. కూడలి మధ్య దిమ్మ మీద నిలబడి చేతులు ఊపుతున్న ట్రాఫిక్ గార్డు ఫకీరయ్య ఉన్నట్టుండి గాల్లోకి లేచి, ఎదురుగా ఉన్న బట్టల కొట్టు రెండో అంతస్తు గోడకు కొట్టుకున్నాడు. ఆయన్ని ఏ బండీ తాకలేదు. సాయంత్రం వార్తల్లో సుడిగాలి అన్నారు. ఆకు కదలని ఎండాకాలంలో సుడిగాలి ఏమిటని ఎవరూ అడగలేదు. ఆయనకు ముందు ఆ దిమ్మ మీద నిలబడిన గార్డు శవం కూడా దొరకలేదు. ఒక చెప్పు దొరికింది. ఉద్యోగం వదిలి పారిపోయాడని తేల్చారు. ఒంటికాలి చెప్పుతో ఎవడు పారిపోతాడని కూడా ఎవరూ అడగలేదు. అడగకపోవడం ఆ ఊరివాళ్లకు బాగా అబ్బిన విద్య.

ఇది అర్థం కావాలంటే పెట్టె సంగతి చెప్పాలి.

దాని అసలు పేరు అభిఘాత వాహకం. కనిపెట్టింది డాక్టర్ ముసునూరి తరళ. ఆ పేరు నోరు తిరగక జనం దిష్టిపెట్టె అన్నారు. జనం పెట్టే పేర్లలో ఎప్పుడూ ఒక తెలివి ఉంటుంది. దిష్టి తీసిన గుమ్మడికాయను ఎవరైనా ఇంట్లో ఉంచుకుంటారా? నాలుగు దారుల కూడలిలో పగలగొట్టి, వెనక్కి తిరిగి చూడకుండా వచ్చేస్తారు. ఆ ముక్కల మీద బండి జారి ఎవడో పళ్లు రాలగొట్టుకుంటాడు. వాడెవడో తెలియదు కాబట్టి బాధ కూడా ఉండదు.

తరళ మనసులో ఉన్నది మాత్రం ఇది కాదు. ఆమె లెక్క చాలా శుభ్రమైన లెక్క. పరుగెత్తే బండి ఆగాలంటే దాని ఊపును, అంటే మొమెంటమ్‌ను, ఎవరో ఒకరు తీసుకోవాలి. అది గాల్లో కలిసిపోదు. అయితే తీసుకునేది ఎవరన్నదాన్ని బట్టి కథ మారిపోతుంది. ఖాళీ తోపుడుబండిని ఒక్క తోపు తోస్తే పరుగు పెడుతుంది. అదే తోపు ధాన్యం బస్తాలు నింపిన లారీని తోస్తే, లారీ కదిలిందో లేదో డ్రైవరుకే తెలియదు. బలం అదే. ద్రవ్యరాశి ఎక్కువైతే త్వరణం తక్కువ, ద్రవ్యరాశి తక్కువైతే త్వరణం ఎక్కువ. మనిషిని చంపేది వేగం కాదు. వేగం ఉన్నట్టుండి మారడం చంపుతుంది. ఆ మారడం పేరే త్వరణం.

కాబట్టి తరళ పెట్టె ఒకే పని చేసేది. బండి దేన్నయినా గుద్దిన క్షణంలో ఆ తాకిడిని పట్టుకుని, వంద గజాల లోపల అందరికంటే బరువైనది ఏదో చూసి దానికి అప్పగించేది. ప్రతి బండిలోని పెట్టె, నా ద్రవ్యరాశి ఇంత అని చుట్టుపక్కల పెట్టెలకు క్షణక్షణం చాటుతూ ఉంటుంది. మామూలుగా బస్సో లారీయో దొరికేది. కారును చితక్కొట్టాల్సిన దెబ్బ బస్సు మీదికి పోతే, బస్సు గతుకులో పడి లేచినట్టు ఒకసారి కదిలేది. నలుగురూ కాస్త తూలేవాళ్లు. ఎవరూ చచ్చేవాళ్లు కాదు. మొదటి రెండేళ్లూ అలాగే గడిచింది. ఆ రెండేళ్లలో వేలుపూరు ఆస్పత్రుల్లో ఎముకల వార్డులు ఖాళీ అయ్యాయి.

నడిచేవాళ్ల కోసం తరళ మెడలో వేసుకునే ఒక బిళ్ల చేసింది. అది మనిషి బరువును చాటుతుంది. బిళ్ల లేకపోతే బండిలోని పెట్టెకు అక్కడ మనిషి ఉన్నట్టే తెలియదు, బండి మీదనుంచి పోతుంది. బిళ్ల ఉంటే తెలుస్తుంది, పైగా దెబ్బ ఎప్పటికీ మనిషి జోలికి రాదు. ఎందుకంటే బండి కంటే మనిషి ఎప్పుడూ తేలికే కదా. ఈ ఒక్క వాక్యం మీద తరళ తన యంత్రాన్నంతా నిలబెట్టింది. అది తప్పవుతుందని ఆమెకు కలలో కూడా తోచలేదు. చదువుకున్నవాళ్లకు ప్రకృతి మీద ఎంత అనుమానమో మనుషుల మీద అంత నమ్మకం.

ఫకీరయ్య పోయిన వారానికి సువార్త అనే కొత్త గార్డు తరళ పరిశోధనశాలకు వచ్చింది. నలభై ఏళ్ల మనిషి, పొడవు, మంచి ఒళ్లు. యూనిఫాం ఇస్త్రీ నలగకుండా కుర్చీ అంచున కూర్చుంది.

"డాక్టరమ్మగారూ, వచ్చే సోమవారంనుంచి నాకు ఏడుదారుల కూడలి వేశారండి. నా ముందు చేసినోళ్లు ఇద్దరూ పోయారు. పెద్దసార్లని అడిగితే గాలి అంటున్నారు. గాలికి నాకంటే ఆ కొట్టు ముందున్న గుడ్డ బొమ్మలు ముందు ఎగరాలి కదండీ. మీ పెట్టె ఏదో చేస్తంది. అదేంటో చెప్పండి, చాలు."

"పెట్టె మనుషుల జోలికి రాదు సువార్తా. బరువైనదాన్నే ఎంచుకుంటుంది."

"నాకు పిల్లోళ్లు లేరండి. మా అమ్మొకత్తి ఉంది, దానికి నేనే దిక్కు. ఉద్యోగం మానలేను. నేనక్కడ బతికుంటానో లేదో ఒక్కసారి చూసి చెప్పండి."

తరళకు కోపం రాలేదు, కుతూహలం వచ్చింది. శాలలోని గణక యంత్రం పేరు తూనిక. ఊళ్లోని పెట్టెలు చాటే అంకెలన్నీ దానికి వినిపిస్తాయి. తరళ దాన్ని అడిగింది.

"తూనికా, ఇప్పుడు ఏడుదారుల కూడలిలో అన్నిటికంటే బరువైన బండి ఏది?"

"నూట పద్దెనిమిదో నంబరు సిటీ బస్సు. ద్రవ్యరాశి ఒక కిలో."

"మళ్లీ చూడు."

"చూశాను. అక్కడున్న బండ్లన్నీ ఒక్కో కిలోనే."

తరళ మధ్యాహ్నం బిళ్ల మెడలో వేసుకుని మెకానిక్కుల వీధికి నడిచి వెళ్లింది. ఊరంతా ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అన్నట్టు, పెట్టెను కనిపెట్టిన ఆమెకు మాత్రం బండి లేదు. ఇంటికీ శాలకూ నడకే. మొదట కనిపించిన షెడ్డులో బాజీ అనే మెకానిక్ ఒక స్కూలు వ్యాను కింద పడుకుని ఉన్నాడు.

"రండి మేడం. మీ బండికి తిప్పాలా? ఎంతకి పెట్టమంటారు?" అన్నాడు వ్యాను కిందనుంచే.

"తిప్పడమంటే ఏమిటి?"

బాజీ జరిగి బయటికొచ్చాడు. "మీకు తెలీదా? ఊరంతా తిప్పించుకుంది. పెట్టె వెనకాల బరువు స్క్రూ ఉంటదండి. ముందు లారీలోళ్లు తిప్పించుకున్నారు, ఊళ్లో దెబ్బలన్నీ మేమెందుకు మొయ్యాలని. వాళ్లు తగ్గిస్తే బస్సుల మీద పడింది. బస్సులోళ్లు తగ్గించుకున్నారు. అప్పుడు పెద్ద కార్లు, ఆ తర్వాత చిన్న కార్లు. ఎవడికి వాడు పక్కోడికంటే ఒక కిలో తక్కువ పెట్టమంటాడు. ఇప్పుడందరూ అడుక్కి వచ్చేశారు. ఒకటికంటే కిందికి అది తిరగదు."

"మరి దెబ్బ ఎవరి మీద పడుతుంది?"

"ఎవరో ఒకరి మీద పడద్ది. మన మీద పడట్లేదు కదా." బాజీ చేతులు తుడుచుకున్నాడు. చెడ్డవాడేం కాదు. నమాజు తప్పడు, దారిలో కుక్క పడి ఉంటే నీళ్లు పోస్తాడు. "ఇంటి రిజిస్ట్రేషన్లో ఉన్న ధర ఎవడు రాయిస్తాడు మేడం? ఇదీ అంతే."

తరళ తిరిగివచ్చి కుర్చీలో కూలబడింది. ఊళ్లో మనుషుల బిళ్లలను మాత్రం ఏ మెకానిక్కూ తిప్పలేడు. వాటికి సీలు ఉంది, తాళం ఆమె శాలలో ఉంది. అంటే పన్నెండు టన్నుల బస్సు ఒక కిలో, డెబ్భై ఒక్క కిలోల సువార్త డెబ్భై ఒక్క కిలోలు. ఆ కూడలిలో అందరికంటే బరువైనది ఆమే. కార్లు మెల్లగా ఒకదాన్నొకటి ముట్టుకున్నా, ఆ ఊపు డెబ్భై కిలోల ఒంటికి చేరేసరికి ఉప్పెన. మోసేదాని బరువు పది రెట్లు తక్కువైతే దెబ్బ పది రెట్లు ఎక్కువ. న్యాయశాస్త్రంలో మినహాయింపులు ఉంటాయి గానీ ఈ సూత్రంలో లేవు.

తరళ చెడ్డది కాదు. ఆ రాత్రీ పగలూ కూర్చుని మందు కనిపెట్టింది. మందు కూడా అదే సూత్రంలో ఉంది. బలం తెలిసి, త్వరణం కొలిస్తే, ద్రవ్యరాశి దానంతట అదే బయటపడుతుంది. కుండలు కొనేవాళ్లు వేలితో తట్టి చూస్తారే, అలాగ. కొత్త పెట్టె తన పక్కన వచ్చిన ప్రతి బండినీ సన్నగా ఒక తట్టు తడుతుంది. ఎంత కదిలిందో చూస్తుంది. బండి నోటిమాట అడగనే అడగదు. రాకపోకల మండలి అధ్యక్షుడు వల్లభరావు దీన్ని ఒక వారం ఏడుదారుల కూడలిలో పెట్టి చూడటానికి ఒప్పుకున్నాడు.

ఆ వారమంతా కూడలిలో ఎప్పటిలాగే గుద్దుకున్నారు. సువార్తకు యూనిఫాం కూడా నలగలేదు. దెబ్బలన్నీ బస్సుల మీదికీ లారీల మీదికీ పోయాయి. బస్సులు కదిలినప్పుడల్లా లోపలివాళ్లు పై కడ్డీ పట్టుకున్నారు. ఒకావిడ క్యారియర్‌లోని చారు ఒలికి పక్కనున్నాయన పంచె మీద పడింది. ఒకాయన ఫోనులో వియ్యంకుడితో మాట్లాడుతూ నాలుక కరుచుకున్నాడు. ఇంకొకాయనకు మెడ పట్టేసింది.

ఆదివారం మండలి హాల్లో సమావేశం పెడితే జనం నిలబడటానికి చోటు లేదు.

"నేను రోజూ ఆ బస్సులో ఆఫీసుకెళ్తాను. రోజుకు ఎన్ని కుదుపులు? ఎవడో రోడ్డు మీద గుద్దుకుంటే నా మెడకేం సంబంధం?" అని మెడ పట్టేసినాయన లేచాడు.

తరళ మైకు తీసుకుంది. "కుదుపులన్నీ కలిపితే ఒక మనిషి ప్రాణం. ఆ కుదుపు మీరు తీసుకోకపోతే కూడలిలో నిలబడిన మనిషి చచ్చిపోతుంది. ఇది మీకు అర్థమవుతోందా?"

"అర్థం కాకేమండీ," అన్నాడాయన నెమ్మదిగా. "మేం చదువుకోనివాళ్లమా? ఒక్కరు చచ్చిపోతారు, వెయ్యి మంది సుఖంగా ఉంటారు. మీరే లెక్క చెప్పండి."

హాల్లో ఎవరూ సిగ్గుపడలేదు. ఆ మాట తాము అనకుండా ఇంకొకరు అన్నందుకు అందరి మొహాలూ తేటబడ్డాయి. అప్పటిదాకా తరళ అనుకున్నది, జనానికి తెలియక చేస్తున్నారని. తెలిస్తే మానేస్తారని. 

వల్లభరావు అనుభవం ఉన్న మనిషి. ఓటింగు పెట్టాడు. సోమవారం రాత్రికల్లా కొత్త పెట్టె తీసేయాలని చేతులు లేచాయి. ఆ పైన ఆయన, మన క్షేమం కోసం ఎండలో నిలబడే ఆడకూతురిని ఊరికే పంపడం మన సంప్రదాయం కాదంటూ సువార్తను వేదిక మీదికి పిలిచాడు. శాలువా కప్పారు. దండ వేశారు. త్యాగమూర్తి అని చెక్కించిన జ్ఞాపిక చేతిలో పెట్టారు.

"నేనింకా బతికే ఉన్నానండి," అంది సువార్త మైకులో.

హాలంతా నవ్వింది. చప్పట్లు కూడా కొట్టారు. భలే సరదా మనిషే అనుకున్నారు.

మర్నాడు సువార్త మళ్లీ తరళ దగ్గరికి వచ్చింది. ఈసారి కుర్చీలో వెనక్కి జారగిలబడి కూర్చుంది. శాలువా మడిచి ఒళ్లో పెట్టుకుంది.

"అందరూ తిప్పించుకున్నారు కదండీ. నాదీ తిప్పండి. ఒక కిలో చేసెయ్యండి. ఊళ్లో నేనొక్కదాన్నే నిజం చెప్తా ఎంతకాలం నిలబడను?"

 అబద్ధపు అంకె వేయడం తరళకు పుండు మీద కారం. కానీ ఎదురుగా ఉన్నది అంకె కాదు, మనిషి. తూనికను అడిగింది.

"సువార్త బిళ్లను ఒక కిలోకు మారిస్తే, ఆ కూడలిలో దెబ్బ ఎవరికి వెళ్తుంది?"

"రోజులో ఎక్కువ సేపు అందరూ ఒక కిలోతో సమానం అవుతారు. అప్పుడు ఎవరికైనా వెళ్లవచ్చు. పొద్దున తొమ్మిదింటికి, సాయంత్రం ఆరింటికి మాత్రం ఖాయంగా చెప్పగలను."

"ఎవరికి?"

"మీకు. మీరు యాభై ఎనిమిది కిలోలు. ఆ దారిన నడిచి వెళ్లేది మీరొక్కరే."

తూనికకు నెమ్మదిగా చెప్పడం తెలియదు. గది అంతా వినిపించింది. తరళ చెయ్యి మెడలోని బిళ్ల మీదికి పోయింది. సువార్త ఆమె మొహం చూసి తానే సర్దిచెప్పబోయింది.

"దానికేం భయం లేదు డాక్టరమ్మగారూ. మీరొచ్చే టైముకి ఏడు దారులూ ఆపేస్తా. మీరు దాటేదాకా ఒక్క బండి కదలనివ్వను. కదలని బండి దేన్ని గుద్దుద్ది? మీరు నా ప్రాణం నిలబెడుతుంటే మీ ప్రాణం నేను చూసుకోనా?"

ఆ మాటకు తరళ కళ్లలో నీళ్లు తిరిగాయి. నిజంగానే తిరిగాయి, అందులో నటన లేదు. "రేపు నువ్వు డ్యూటీ ఎక్కేలోపు ఇక్కడినుంచే మార్చేస్తాను, వెళ్లు," అంది. సువార్త రెండు చేతులూ ఎత్తి దండం పెట్టి, శాలువా ఆమె కుర్చీకి కప్పి వెళ్లింది.

తరళ తూనిక ముందు కూర్చుంది. మార్చాలనే కూర్చుంది. అయితే సువార్త ఒకపూట చెయ్యి ఎత్తడం మరిస్తే? జ్వరం వచ్చి సెలవు పెడితే? ముందు తన బిళ్ల సంగతి చూసుకుంటే మంచిదనిపించింది. తన బిళ్లను ఒక కిలోకు మార్చింది. సీలు మీద సీలు వేసింది. పదేళ్లుగా చెప్పని అబద్ధం చెప్పడానికి పట్టిన సమయం ఒక గ్లాసు మంచినీళ్లు తాగినంత.

"ఇప్పుడు సువార్తది కూడా మారిస్తే?" అని అడిగింది.

"కూడలిలో అందరూ సమానం. ఏ దెబ్బ ఎవరికి వెళ్తుందో ముందుగా చెప్పలేను. ఆ ఎవరిలో మీరూ ఉంటారు."

"మార్చకపోతే?"

"ప్రతి దెబ్బా సువార్తకే. మీకు ఏ ప్రమాదమూ లేదు."

తరళ లేచి కిటికీ దగ్గర నిలబడింది. సువార్తది మార్చనని అనుకోలేదు. ఇవాళే ఎందుకు, అనుకుంది. తొందరపాటు మంచిది కాదు. వారంలో అసలైన పరిష్కారం కనిపెట్టవచ్చు, స్క్రూ లేని పెట్టె, ఎవరూ కాదనలేని పెట్టె. అది లోకానికంతటికీ మేలు. ఆ మేలు జరగాలంటే ముందు తాను బతికుండాలి కదా. ఇన్నాళ్లూ నిలబడిన మనిషికి ఇంకో వారం ఏమవుతుంది. పెద్ద చదువు వల్ల ఒక లాభం ఉంది. బాజీ దగ్గర ఒక్క ముక్కలో అయిపోయిన మాట తరళకు నాలుగు వాక్యాలుగా, తర్కబద్ధంగా, మొహం మీద కొట్టకుండా వచ్చింది.

ఆమె తూనికను ఆపేసి ఇంటికి వెళ్లింది. సువార్త బిళ్లలో డెబ్భై ఒకటి అలాగే ఉంది.

మర్నాడు తొమ్మిదింటికి తరళ కూడలి దగ్గరికి వచ్చింది. వేరే దారిన పోదామని ఒకసారి అనుకుంది. పోతే సువార్తకు అనుమానం వస్తుందని ఈ దారినే వచ్చింది. దిమ్మ మీద సువార్త ఆమెను దూరంనుంచే చూసింది. మొహం విప్పారింది. ఆ మొహంలో నిన్నటి భయం లేదు. రాత్రి హాయిగా నిద్రపోయిన మనిషి మొహం అది. ఈల వేసి, రెండు చేతులూ చాచి, ఏడు దారులనూ ఒకేసారి ఆపింది.

వేలుపూరులో బండ్లు అలా ఒకేసారి ఆగి ఏళ్లయింది. కార్లలోంచి తలలు బయటికొచ్చాయి. ఏమైంది, మంత్రి వస్తున్నాడా అని అడిగారు. నడిచి వస్తున్న ఒక పెద్దావిడ కోసమని తెలిసి విసుక్కున్నారు. సువార్త ఎవరినీ లెక్కచేయలేదు. ఒక కారు ముందుకు జరగబోతే ఈల వేసి కళ్లతోనే ఆపింది. తన బిళ్ల ఇప్పుడు ఒక కిలో అనే చాటుతోందని, దాటుతున్న డాక్టరమ్మే ఈ చోట అందరికంటే బరువైనదని ఆమె నమ్మకం. పసిపిల్లను దాటించినట్టు దాటిస్తోంది.

తరళ దిమ్మ పక్కకు వచ్చింది. చెప్పేయాలనిపించింది. బిళ్ల మార్చలేదు, నువ్వు వెంటనే బిళ్ల తీసేసి దిమ్మ దిగి బట్టల కొట్లోకి పో, అని. నోటిదాకా వచ్చింది. ఇంతమందిలో ఎలా చెప్పడం, సాయంత్రం చెబుదాం అనుకుంది. ఆ మాట మింగేసి నవ్వింది.

"నిదానంగా రండి అమ్మగారూ, తొందరేం లేదు," అంది సువార్త.

నాలుగో దారిలో, ఆగిన బండ్ల వరసకు చిట్టచివర ఒక కుర్రవాడు ఫోను చూసుకుంటూ వచ్చాడు. ముందు బండి ఆగి ఉందని చూసుకోలేదు. చూసినా బ్రేకు ఎక్కడుందో వాడి కాలికి గుర్తు లేదు. పెద్ద వేగమేమీ కాదు, మనిషి పరుగెత్తేంత వేగం. కారు ముక్కు ముందు కారు వెనక భాగాన్ని ముట్టుకుని నిలబడింది. శబ్దం కూడా రాలేదు.

దిమ్మ మీద సువార్త లేదు. ఆమె నిలబడిన చోట గాలి ఒక్కసారి బద్దలైనట్టు చప్పుడైంది. ఆ తర్వాత వీధి చివర నీళ్ల ట్యాంకు రేకు మీద ఏదో పడిన చప్పుడు వినిపించింది. ట్యాంకు కింద ఉన్నవాళ్లు పైకి చూసి వెంటనే తలలు దించుకున్నారు.

తరళ అక్కడే కూలబడింది. ఒంటి మీద చిన్న గీత లేదు. చెయ్యి చాపితే అందేంత దగ్గరలో ఉన్న మనిషిని తీసుకుపోయిన బలం ఆమె చీర కుచ్చిళ్లను కూడా కదపలేదు. తన పెట్టె ఎంత చక్కగా పనిచేస్తుందో ఆమె ఇంత దగ్గరనుంచి ఎప్పుడూ చూడలేదు.

బండ్లలోంచి జనం దిగి వచ్చారు. ట్యాంకు వైపు ఎవరూ పోలేదు. అందరూ తరళ చుట్టూ మూగారు. ఒకరు సోడా తెచ్చారు, ఒకరు కారులోంచి మెత్త తెచ్చి వీపు వెనక పెట్టారు. వెనకనుంచి వచ్చిన కుర్రవాడు జనాన్ని తోసుకుంటూ వచ్చి ఆమె ముందు గొంతుక్కూర్చున్నాడు. 

"నేను చూసుకోలేదండీ. మీకేం కాలేదు కదండీ?"

తరళ మెడలో వేలాడుతున్న బిళ్లను పిడికిట్లో మూసి, దాని మీద కొత్త సీలు ఎవరికీ కనిపించకుండా గుండెకు ఆనించుకుంది.

"నాకేం కాలేదు బాబూ," అంది.